ఒకే స్క్రిప్టు, నాలుగు మెషీన్లు, నాలుగు రకాల ఎర్రర్లు: మొదటి లైన్లో అసలు ఏం రాయాలి?

కొత్తబాణీ:

అందరికీ నమస్తే. ఫోన్లోంచి రాస్తున్నా, కీబోర్డు మార్చే ఓపిక లేక కమాండ్లూ పాత్‌లూ కూడా తెలుగులోనే కొట్టేస్తున్నా, సర్దుకుపోండి.

నా దగ్గర రెండు స్క్రిప్టులున్నాయి. ఒకటి షెల్ స్క్రిప్టు, 120 లైన్లుంటుంది, లాగ్ ఫైళ్ళన్నీ ఒకచోట పోగేసి, పేర్లు సరిచేసి, చివర్లో రెండోదాన్ని పిలుస్తుంది. ఆ రెండోది పైథాన్, రిపోర్టు తయారుచేస్తుంది. నా ఉబుంటు లాప్‌టాప్‌లో రెండేళ్ళుగా కిక్కురుమనకుండా నడుస్తోంది. పోయిన వారం టీమ్‌లో మిగతావాళ్ళకి ఇచ్చా, అంతే, అప్పట్నుంచి రోజూ ఎవరో ఒకరు స్క్రీన్‌షాట్ పంపిస్తున్నారు.

సర్వర్లో: బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్, నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ. మధ్యలో ఎక్కడో ^ఎమ్ అని వింత గుర్తు కూడా ఉంది. ఆల్పైన్ (చిన్న సైజు లైనక్స్) కంటెయినర్లో: నాట్ ఫౌండ్. ఎల్ఎస్ కొడితే ఫైల్ కళ్ళముందే ఉంది, ఎగ్జిక్యూట్ పర్మిషనూ ఉంది, అయినా నాట్ ఫౌండేనట! మ్యాక్‌లో: బ్యాడ్ సబ్‌స్టిట్యూషన్, దాన్ని తీసేస్తే సెడ్ దగ్గర ఇంకో గొడవ. విండోస్‌లో అయితే డబుల్ క్లిక్ చేస్తే ఎడిటర్ తెరుచుకుంటోంది.

షెల్ దానికి మొదటి లైను #!/బిన్/బ్యాష్. పైథాన్ దానికి #!/యూఎస్ఆర్/బిన్/పైథాన్. ఒకాయన ఎన్వ్ (ప్రోగ్రామ్ ఎక్కడుందో వెతికి నడిపే కమాండ్) పెట్టు అన్నీ సర్దుకుంటాయి అన్నాడు, ఇంకొకాయన ఎన్వ్ పెడితే కొంప మునుగుతుంది అన్నాడు. ఎవరి మాట వినాలి? అయినా కంపైల్ చేసే పని లేదు, ఎక్కడైనా నడుస్తుంది అనే కదా స్క్రిప్టు రాసుకునేది?

పాతకాపు:

ముందు ఆ నాట్ ఫౌండ్ సంగతి. అది నీ ఫైల్ గురించి కాదు, నీ ఫైల్ మొదటి లైన్లో రాసుకున్న ప్రోగ్రామ్ గురించి. నువ్వు స్క్రిప్టు పేరు కొట్టి ఎంటర్ నొక్కగానే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) మొదటి రెండు బైట్లు చూస్తుంది, హ్యాష్, ఆశ్చర్యార్థకం ఉంటే ఆ తర్వాతున్న పాత్‌ని తెరవబోతుంది. ఆల్పైన్‌లో బ్యాష్ అనే షెల్ ఉండదు, నువ్వు విడిగా వేసుకుంటే తప్ప. అంచేత దొరకనిది బ్యాష్. కానీ షెల్ మాత్రం స్క్రిప్టు పేరు చెప్పి నాట్ ఫౌండ్ అంటుంది. ఈ ఒక్క మెసేజీ మీద నేను పోగొట్టుకున్న సాయంత్రాలు లెక్కపెడితే సిగ్గేస్తుంది.

సర్వర్లో వచ్చింది కూడా అదే ఎర్రర్, కారణం మాత్రం వేరు. ^ఎమ్ అంటే క్యారేజ్ రిటర్న్. ఎవరో ఆ ఫైల్‌ని విండోస్‌లో తెరిచి సేవ్ చేసి ఉంటారు, ప్రతి లైను చివరా ఒక అదనపు బైటు చేరింది. కెర్నల్‌కి లైను ముగిసేది న్యూలైన్ దగ్గరే, దానిముందున్న రిటర్న్ కూడా పేరులో భాగమే దాని లెక్కలో. అంటే అది వెతికేది బ్యాష్ కోసం కాదు, "బ్యాష్ + ఒక కనపడని అక్షరం" అనే ప్రోగ్రామ్ కోసం. అలాంటిది ఎక్కడుంటుంది? బైట్లు చూపించే ఓడీ -సీ పెట్టి మొదటి లైను చూడు, బ్యాక్‌స్లాష్ ఆర్, బ్యాక్‌స్లాష్ ఎన్ పక్కపక్కన కనపడితే అదే దొంగ.

తీసేయడం తేలికే, టీఆర్ -డీతో ఆ బైటు కొట్టేయొచ్చు. మళ్ళీ రాకుండా ఉండాలంటే రిపోలో .గిట్‌యాట్రిబ్యూట్స్ ఫైల్ పెట్టి, షెల్ ఫైళ్ళకి ఈఓఎల్=ఎల్ఎఫ్ అని ఒక్క లైను రాయి. ప్రతి మెషీన్లో ఎవరి గిట్ సెట్టింగ్ ఏముందో బతిమాలి మార్పించుకునే కంటే ఇది నయం, రిపోతో పాటే ప్రయాణిస్తుంది.

ఇంకోటి, ఈ షెబాంగ్, అంటే #!తో మొదలయ్యే ఆ మొదటి లైను, డెనిస్ రిచీ 1980లో యూనిక్స్‌కి చేర్చిన సదుపాయం. ఇప్పటికీ యూనిక్స్ తరహా సిస్టమ్‌లన్నింటికీ ఉమ్మడిదైన పోసిక్స్ ప్రమాణం దీన్ని నిర్వచించలేదు, మొదటి లైను #!తో మొదలైతే ఏం జరుగుతుందో చెప్పలేం అని రాసి ఊరుకుంది. అందరూ వాడతారు, అందరి దగ్గరా పనిచేస్తుంది, ఎవరూ హామీ ఇవ్వలేదు. కాబట్టి ఎక్కడైనా నడుస్తుంది కదా అన్న నీ ప్రశ్నకి జవాబు: స్క్రిప్టు ఎక్కడికైనా వెళ్తుంది, అది ఆధారపడ్డవి వెళ్ళవు. నీ 120 లైన్లలో సగం పని చేసేది నువ్వు రాసిన కోడ్ కాదు, ఆ మెషీన్లో ఉన్న సెడ్, డేట్, గ్రెప్, రీడ్‌లింక్ లాంటి కమాండ్లు.

షెల్‌పురుగు:

మ్యాక్ సంగతి నేను చెప్తా. బ్యాడ్ సబ్‌స్టిట్యూషన్ అంటే పెద్దక్షరాల్ని చిన్నక్షరాలుగా మార్చడానికి బ్రేసుల్లో రెండు కామాలు వాడుంటావు. పేర్లు సరిచేస్తున్నా అన్నావుగా, అక్కడే. అది బ్యాష్ 4లో వచ్చింది, 2009లో. మ్యాక్‌తో వచ్చే బ్యాష్ ఇప్పటికీ 2006 నాటి 3.2 దగ్గరే ఆగిపోయింది, ఆ తర్వాతి వెర్షన్లు జీపీఎల్ 3 లైసెన్సు కిందకి వెళ్ళాయి కాబట్టి యాపిల్ తీసుకోలేదు. 2019లో క్యాటలీనాతో డిఫాల్ట్ షెల్ జడ్‌షెల్ అయింది, పాత బ్యాష్ మాత్రం /బిన్‌లో అలాగే పడి ఉంది. కాబట్టి #!/బిన్/బ్యాష్ అని రాస్తే మ్యాక్‌లో అది దొరుకుతుంది, నడుస్తుంది, మధ్యలో చస్తుంది. అసలు దొరక్కపోవడమే మేలు, మొదట్లోనే తెలిసిపోతుంది.

సెడ్ -ఐ (ఫైల్‌ని ఉన్నచోటే మార్చే ఆప్షన్) గొడవేంటంటే, లైనక్స్‌లోని గ్నూ సెడ్‌కి -ఐ తర్వాత ఏమీ అక్కర్లేదు. మ్యాక్‌లో ఉన్నది బీఎస్‌డీ సెడ్, దానికి -ఐ తర్వాత బ్యాకప్ ఫైల్‌కి తగిలించే తోక పేరు ఇచ్చి తీరాలి. నువ్వు ఇవ్వకపోతే నీ మార్పు కమాండ్‌నే తోక అనుకుంటుంది, నీ ఫైల్ పేరుని కమాండ్ అనుకుంటుంది, తర్వాత ఇన్‌వాలిడ్ కమాండ్ కోడ్ అని తిడుతుంది. రెండుచోట్లా నడిచే దారి ఒకటుంది: -ఐ.బ్యాక్ అని మధ్యలో ఖాళీ లేకుండా అతికించి రాయి, పనయ్యాక ఆ .బ్యాక్ ఫైల్ తీసేయి. లేదంటే -ఐ జోలికే పోకుండా వేరే ఫైల్‌లోకి రాసి పేరు మార్చు. అలా చేస్తే పాత ఫైల్ పర్మిషన్లు కొత్తదానికి రావు, ఎగ్జిక్యూట్ బిట్ పోయిందని మళ్ళీ ఇక్కడే పోస్టు పెట్టకు :)

ఇక #!/బిన్/ఎస్‌హెచ్ అని మార్చేస్తే పోతుంది కదా అనిపిస్తుంది, ఆగు. ఆ పేరు వెనక ఎవరున్నారో మెషీన్‌ని బట్టి మారుతుంది. ఉబుంటులో 2006 నుంచి డ్యాష్ అనే చిన్న షెల్, డెబియన్‌లో 2011 నుంచి డ్యాష్, ఆల్పైన్‌లో బిజీబాక్స్ యాష్. నీ స్క్రిప్టులో రెండు స్క్వేర్ బ్రాకెట్ల ఇఫ్ ఉందనుకో, డ్యాష్‌కి అది తెలియని కమాండ్. నాట్ ఫౌండ్ అని ఒక లైను చెప్పి, ఇఫ్ ఫెయిలైనట్టు లెక్కేసి, నింపాదిగా ఎల్స్‌లోకి వెళ్ళిపోతుంది. ఆగదు! ఎల్స్‌లో పాత ఫైళ్ళు తీసేసే కమాండ్ ఉన్న స్క్రిప్టు ఒకటి నేను కళ్ళారా చూశా. ఎవరిదో చెప్పను, నాదే.

కాబట్టి రెండే దారులు. బ్యాష్ కావాలంటే బ్యాషే అని రాసి, కనీసం ఏ వెర్షన్ కావాలో మొదటి ఐదు లైన్లలోనే చెక్ చేసి, లేకపోతే మర్యాదగా ఆగిపో. లేదా నిజంగా ఎస్‌హెచ్‌లోనే రాయి: సింగిల్ బ్రాకెట్, అందులో డబుల్ ఈక్వల్స్ కాదు సింగిల్, అర్రేలు లేవు, సోర్స్ బదులు చుక్క, ఎకో -ఈ బదులు ప్రింట్‌ఎఫ్. ఎకో -ఈ అంటే డ్యాష్ ఆ -ఈని కూడా అక్షరాలా ప్రింట్ చేస్తుంది. షెల్‌చెక్ అనే టూల్ ఉంది, మొదటి లైను ఎస్‌హెచ్ అని ఉంటే నువ్వు వాడిన బ్యాష్ అలవాట్లన్నీ లైను నంబర్లతో ఏకరువు పెడుతుంది. రాసిన తర్వాత డ్యాష్‌తో ఒకసారి, బిజీబాక్స్‌తో ఒకసారి నడిపి చూడు. డాకర్ ఉంటే పది నిమిషాల పని.

కొత్తబాణీ:

@పాతకాపు గారూ, దొరికింది. ఓడీలో చూస్తే అచ్చం మీరు చెప్పినట్టే ఉంది. టీమ్‌లో ఒకతను విండోస్‌లో ఒక కామెంటు మార్చి మెయిల్లో పంపాడట, ఒక్క కామెంటు! @షెల్‌పురుగు, కామాలు కూడా నిజమే, 41వ లైను. టీఆర్‌కి మార్చా, మ్యాక్‌లో ఆ గండం గడిచింది.

కానీ ఇప్పుడు కొత్త తలనొప్పి. పైథాన్ ఫైల్‌కి #!/యూఎస్ఆర్/బిన్/ఎన్వ్ పైథాన్3 అని పెట్టా. చేత్తో నడిపితే బంగారంలా నడుస్తోంది. రాత్రి క్రాన్‌లో (టైముకి పనులు దానంతటదే నడిపేది) నడిస్తే మాడ్యూల్ నాట్ ఫౌండ్ ఎర్రర్. అదే మెషీన్, అదే యూజర్. టెన్షన్‌తో రాత్రి పన్నెండింటికి లేచి చూస్తున్నా.

ప్యాకేజీమేస్త్రి:

ఎన్వ్ పెడితే కొంప మునుగుతుంది అన్నది బహుశా నాలాంటివాడే అయి ఉంటాడు, కాబట్టి నా వాదన వినండి.

ఎన్వ్ చేసే పని ఒక్కటే, పాత్ వేరియబుల్‌లో ఉన్న డైరెక్టరీలు వరసగా చూసి, మొదట దొరికిన పైథాన్3ని నడపడం. నీ టెర్మినల్‌లో పాత్ ఒకటి, క్రాన్‌లో పాత్ ఇంకొకటి. క్రాన్ సాధారణంగా /యూఎస్ఆర్/బిన్, /బిన్ రెండే ఇస్తుంది, నీ ప్రొఫైల్ ఫైళ్ళు చదవదు. నువ్వు కొత్త పైథాన్ /యూఎస్ఆర్/లోకల్/బిన్‌లో వేసుకుని ఉంటావు, మాడ్యూళ్ళన్నీ దానికి ఉన్నాయి, క్రాన్‌కి దొరికింది సిస్టమ్ పైథాన్. క్రాన్‌టాబ్‌లో స్క్రిప్టు ముందు ఇంటర్‌ప్రెటర్ పూర్తి పాత్ రాసెయ్, ఈ రాత్రికి నిద్రపో.

అసలు విషయానికొస్తే, మీరందరూ "మొదటి లైన్లో ఏది కరెక్టు" అని అడుగుతున్నారు, ఆ ప్రశ్నలోనే తేడా ఉంది. రిపోలో ఉండే స్క్రిప్టు వేరు, మెషీన్లో ఇన్‌స్టాల్ అయిన స్క్రిప్టు వేరు. రిపోలో ఉన్నదానికి అది ఎక్కడికి వెళ్తుందో తెలియదు, ఫ్రీబీఎస్‌డీలో బ్యాష్ /యూఎస్ఆర్/లోకల్/బిన్‌లో ఉంటుంది, నిక్స్ఓఎస్‌లో /బిన్/ఎస్‌హెచ్, /యూఎస్ఆర్/బిన్/ఎన్వ్ తప్ప ఆ పాత చోట్లలో ఇంకేమీ ఉండవు. కాబట్టి అక్కడ ఎన్వ్ పెట్టడం సబబే. కానీ ఇన్‌స్టాల్ చేసే క్షణంలో ఏ పైథాన్ కావాలో, అది ఎక్కడుందో ఖాయంగా తెలుసు. అప్పుడే ఆ లైన్ని పూర్తి పాత్‌తో తిరగరాయాలి. డెబియన్ పైథాన్ పాలసీ, ఫెడోరా ప్యాకేజింగ్ నియమాలు రెండూ ప్యాకేజీల్లో ఎన్వ్ వద్దనేది అందుకే, యూజర్ పాత్‌లో ఇంకేదో పైథాన్ దూరితే సిస్టమ్ టూల్ విరుగుతుంది. పైథాన్ ప్యాకేజీలు వేసే పిప్ కూడా ఎంట్రీ పాయింట్ స్క్రిప్టులు సృష్టించేటప్పుడు ఆ వెన్వ్ (ప్రాజెక్టుకి విడిగా పెట్టుకునే పైథాన్ డైరెక్టరీ) పైథాన్ పూర్తి పాత్‌నే మొదటి లైన్లో రాస్తుంది, తెరిచి చూడండి. వెన్వ్ డైరెక్టరీని జరిపితే లోపలి కమాండ్లు చచ్చిపోయేది కూడా ఇందుకే, జరపకుండా మళ్ళీ సృష్టించుకోవడమే మందు.

ఇంకో రెండు చిల్లర విషయాలు. లైనక్స్‌లో షెబాంగ్ లైన్లో ఇంటర్‌ప్రెటర్ తర్వాత ఉన్నదంతా ఒకే ఆర్గ్యుమెంట్. ఎన్వ్ పైథాన్3 -యూ అని రాస్తే ఎన్వ్ "పైథాన్3 -యూ" అని మధ్యలో ఖాళీ ఉన్న పేరుగల ప్రోగ్రామ్ కోసం వెతుకుతుంది. దానికి ఎన్వ్ -ఎస్ ఉంది, కానీ గ్నూ కోర్‌యుటిల్స్‌లో అది 2018లో 8.30తో వచ్చింది, అంతకంటే పాత సర్వర్ ఉంటే దాని మీద ఆశ పెట్టుకోవద్దు. రెండోది పొడవు, 2019లో లైనక్స్ 5.1 వచ్చేదాకా ఆ లైను 127 అక్షరాలకి మించితే పనికిరాదు, తర్వాత దాన్ని రెట్టింపు చేశారు. బిల్డ్ సర్వర్లో లోతైన డైరెక్టరీల్లో వెన్వ్ పెట్టేవాళ్ళకి ఇది తగులుతుంది, మిగతావాళ్ళకి జన్మలో తగలదు.

అన్నట్టు అంకె లేని పైథాన్ వాడకు. డెబియన్, ఉబుంటుల్లో ఆ పేరుతో ఏమీ రాదు, పైథాన్-ఈజ్-పైథాన్3 అనే ప్యాకేజీ వేసుకుంటే తప్ప. మ్యాక్‌లో 2022లో 12.3తో పైథాన్ 2.7 తీసేశారు. ఆ పేరు ఉన్నచోట అది 2నో 3నో నడిపితే గానీ తెలియదు.

పాతకాపు:

మేస్త్రి మాటతో ఏకీభవిస్తా, ఒక్కటి తప్ప. నూరు లైన్లు దాటిన షెల్ స్క్రిప్టుకి ఇంత సేవ ఎందుకు? చివర్లో ఎలాగూ పైథాన్‌ని పిలుస్తున్నాడు, అంటే పైథాన్ లేకుండా పని జరగదు. మొత్తం అందులోనే రాసేస్తే సెడ్, డేట్, రీడ్‌లింక్ మూడు గొడవలూ ఒక్కసారే పోతాయి. నిన్నటి తేదీ కోసం లైనక్స్‌లో డేట్ -డీ, మ్యాక్‌లో డేట్ -వీ అని ఇఫ్‌లు రాసుకుంటూ కూర్చోవడం దేనికి?

షెల్‌పురుగు:

పైథాన్ లేని చోట ఏం చేస్తావు పెద్దాయనా? ఆల్పైన్ ఇమేజీలో అది కూడా ఉండదు. నేను అక్కడ ఇన్‌స్టాలర్లు రాస్తా, ఎస్‌హెచ్ ఒక్కటే నా దేవుడు. అయినా ఈ కేసులో నీదే రైటు, ఒప్పుకుంటున్నా, స్క్రీన్‌షాట్ తీసి దాచుకో.

విండోస్‌పక్షం:

అందరూ విండోస్‌ని దాటేశారు, అలవాటే.

విండోస్ షెబాంగ్ చదవదు, ఏ ఫైల్ దేనితో తెరవాలో ఎక్స్‌టెన్షన్ చూసి తేలుస్తుంది. కానీ పైథాన్ డాట్ ఆర్గ్ ఇన్‌స్టాలర్‌తో పీవై అనే లాంచర్ వస్తుంది, 3.3 నుంచి ఉంది, అది మాత్రం మొదటి లైను చదువుతుంది, ఎన్వ్ పైథాన్3 అని లైనక్స్ పాత్ ఉన్నా అర్థం చేసుకుంటుంది. కాబట్టి ఆ లైన్ని విండోస్ కోసం మార్చక్కర్లేదు, పీవై అని ముందు కొట్టి నడపమను.

అసలు ప్రమాదం వేరే ఉంది. రిపోర్టులో తెలుగు పేర్లున్నాయా? ఓపెన్‌కి ఎన్‌కోడింగ్ చెప్పకపోతే విండోస్ పైథాన్ సిస్టమ్ కోడ్‌పేజీ తీసుకుంటుంది, చాలా మెషీన్లలో అది 1252. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు అక్షరం మూడు బైట్లు, మొదటిది ఈ0, రెండోది బీ0 లేదా బీ1. 1252లో బీ0 అంటే డిగ్రీ గుర్తు, బీ1 అంటే ప్లస్-మైనస్ గుర్తు. తెరమీద డిగ్రీలూ ప్లస్-మైనస్‌లూ బారులు తీరి కనపడితే అది చెడిపోయిన తెలుగే, కళ్ళు మూసుకుని చెప్పొచ్చు.

ఇంకా సరదా ఏంటంటే, 1252లో ఐదు బైట్లకి అర్థం లేదు, అందులో 81, 8డీ కూడా ఉన్నాయి. మన ఉకారం గుర్తు మూడో బైటు 81, పొల్లు మూడో బైటు 8డీ. కాబట్టి ఫైల్‌లో "మన" అని ఉంటే పైథాన్ నోరెత్తకుండా చెత్తగా చదువుకుంటుంది, "తెలుగు" అని ఉంటే ఉకారం దగ్గర యూనికోడ్ డీకోడ్ ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. ఒక ఫైల్ నడిచి ఇంకోటి నడవకపోవడం చూసి నేను రెండు రోజులు మెమరీ లోపం అనుకున్నా! ప్రతి ఓపెన్‌లో ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాయండి, బద్ధకించొద్దు. పైథాన్ 3.15 నుంచి అదే డిఫాల్ట్ చేస్తున్నారు, కానీ పాత వెర్షన్లు ఇంకా చాలాకాలం మన మధ్యే ఉంటాయి. రాసేటప్పుడు న్యూలైన్ కూడా చెప్పండి, లేకపోతే విండోస్‌లో తయారైన ఫైల్‌లో మళ్ళీ ఆ క్యారేజ్ రిటర్నే దూరి, కథ మొదటికొస్తుంది.

బీఓఎమ్ సంగతి కూడా చూసుకో. కొన్ని ఎడిటర్లు ఫైల్ మొదట్లో ఈఎఫ్, బీబీ, బీఎఫ్ అనే మూడు బైట్లు పెడతాయి, అప్పుడు కెర్నల్ చూసే మొదటి రెండు బైట్లు #! కావు. అది స్క్రిప్టని గుర్తించక కెర్నల్ వదిలేస్తుంది, షెల్ తనే చొరవ తీసుకుని పైథాన్ ఫైల్‌ని షెల్ స్క్రిప్టులా నడపబోతుంది. ఇమేజ్‌మ్యాజిక్ ఉన్న మెషీన్లో ఇంపోర్ట్ అనేది స్క్రీన్‌షాట్ తీసే కమాండ్. నీ స్క్రిప్టు నడపగానే మౌస్ గుర్తు ప్లస్‌లా మారిపోతే గాభరా పడకు, "ఇంపోర్ట్ ఓఎస్" అనే లైను స్క్రీన్‌షాట్ తీయడానికి ఎదురుచూస్తోందన్నమాట.

కొత్తబాణీ:

హహ, ఆ మౌస్ గుర్తు సంగతి మా టీమ్‌లో ఒకావిడకి నిజంగానే వచ్చింది, వైరస్ అనుకుని మెషీన్ ఆపేసింది. ఇప్పుడు అర్థమైంది.

చేసినవి: క్రాన్‌టాబ్‌లో పూర్తి పాత్ పెట్టా, నిన్న రాత్రి నడిచింది. .గిట్‌యాట్రిబ్యూట్స్ పెట్టా. ఓపెన్‌లు పదకొండు ఉన్నాయి, అన్నింటికీ ఎన్‌కోడింగ్ చేర్చా, రెండు చోట్ల ముందే ఉంది, ఎప్పుడు రాశానో గుర్తులేదు. షెల్ భాగాన్ని పైథాన్‌లోకి మార్చడం మొదలెట్టా, 120 లైన్లు 70 అయ్యేలా ఉన్నాయి. మిగిలిన షెల్ మూడే లైన్లు, #!/బిన్/ఎస్‌హెచ్‌తో, స్క్రిప్టు ఉన్న డైరెక్టరీలోకి వెళ్ళి పైథాన్‌ని పిలవడానికి. అక్కడ రీడ్‌లింక్ -ఎఫ్ వాడా, ఒక పాత మ్యాక్‌లో ఇల్లీగల్ ఆప్షన్ అంటోంది. ఇదొక్కటి ఎలా?

షెల్‌పురుగు:

మ్యాక్‌లో -ఎఫ్ వచ్చిందే 12.3తో, అంతకంటే పాతదై ఉంటుంది. ఆ మూడు లైన్లూ తీసెయ్. పైథాన్ ఫైల్‌లోనే __ఫైల్__ని పాత్‌లిబ్‌తో రిజాల్వ్ చేస్తే సిమ్‌లింక్ వెనకున్న అసలు డైరెక్టరీ దొరుకుతుంది. షెల్ లేకుండా బతకమని నేనే చెప్పాల్సి వచ్చింది చూడు.